కాలిబంటుకు పేరు

రథ గజ తురగ పదాతులని సేనను నాలుగంగాలుగా చెప్పేటప్పుడు పదాతిని చివర నిలపడం మన కావ్యాల మర్యాద. బతుకంతా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. యుద్ధఘట్టం వచ్చినప్పుడల్లా రథాన్ని వర్ణించాను, ఏనుగు కుంభస్థలాన్ని వర్ణించాను, గుర్రాల డెక్కలు రేపిన ధూళిని సైతం గొంతెత్తి వర్ణించాను. కాలినడకన పోతూ ఆ ధూళిని మింగినవాణ్ణి గురించి ఒక్క పూటైనా ఆగి చెప్పిన జ్ఞాపకం లేదు. ఆ లోటును నాకు ఎత్తి చూపినవాడు పద్యం చదువుకొన్నవాడు కాదు. ధర్మవరంలో మా ఇంటి గోడకు అవతల కాపురమున్న నేతగాడు.

పోయిన వారం ఆయన భార్య మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"అయివారూ, రేపు మగ్గం గుంత పూడ్చి బండలు పరిపిస్తాండాము. ఆ కంప్యూటర్ పెట్టెను గూడా అల్లుడు పాతసామాన్లోనికి ఇచ్చేస్తాడంట. దాంట్లో మా ఆయప్ప మనిషి ఉండాడు కదా. ఒకసారి వచ్చి చూసిపోండి."

'మా ఆయప్ప మనిషి' అంటే ఎవరో ఎరిగినవాళ్లం ఈ వీధిలో ముగ్గురం. ముగ్గురిలో ఒకరు లేరు. తక్కిన ఇద్దరం ఆ గడపకు చెరొకవైపు నిలబడి ఉన్నాం.

ఆయన్ను తలచుకొంటే నాకు మొదట కనబడేది ముఖం కాదు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ. ఆ రెండూ ఎల్లవేళలా ఒకదానిమీద ఒకటి నలుగుతూ ఉండేవి. పట్టుమగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువుపోగుల వరుస, నేసి ముగించాక దాని పోగులన్నిటినీ ఊడబెరకరు. పోగుల వరుస తప్పకుండా పట్టి ఉంచే పెద్ద దువ్వెనవంటి సాధనం ఒకటి ఉంటుంది, దాన్ని పన్నె అంటారు. ఆ పన్నెలో పాత పోగులను జానెడు మేర మిగిల్చి, వాటి కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అవి వేలకొద్దీ ఉంటాయి. వేళ్లు జారకుండా బూడిద అద్దుకొంటారు. అతుకు పూర్తయిన తరువాత పాతదాన్ని మెల్లగా లాగితే, దాని వెంట కొత్తది పన్నె దాటి వస్తుంది. ఈ పనిలో ఊరంతటికీ ఆయనదే చెయ్యి. వీధివీధికీ పిలిపించుకొనేవారు.

"పాత పోగు లేకుంటే కొత్తదానికి దారి యాడ తెలుస్తుంది అయివారూ" అనేవాడు. అదేదో గొప్ప మాట అన్నట్టు కాదు. ఉప్పు అయిపోయింది అన్నంత మామూలుగా.

పని లేనప్పుడూ ఆ వేళ్లకు విరామం లేదు. టీ అంగడి బల్లమీద కూర్చున్నా మెలిపెట్టేవాడు, అనంతపురం బస్సులో కునుకు తీస్తున్నా మెలిపెట్టేవాడు. పెళ్లిపందిట్లో చేతికి అక్షతలిస్తే, తలంబ్రాల వేళకు ఆయన పిడికిట్లో పసుపు పిండి మిగిలేది.

ఇక ఆయన మాటల్లో తరచుగా వినబడేది ఒకటే: "వస్తాండా." భార్య సంగటికి పిలిస్తే "వస్తాండా". కరెంటు బిల్లు చేతికిచ్చే మనిషి వాకిట్లో కేకేస్తే "వస్తాండా". అతుకు మధ్యలో లేస్తే వరుస తప్పుతుంది గనుక లేచేవాడు కాడు. సంగటి చల్లారేది. ఆవిడ ఒకసారి గోడమీదుగా మా ఆవిడతో అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది: "వస్తాండా అనేది పెండ్లయిన కాడినుంచి ఇంటాండానక్కా. వచ్చింది మాత్రం చూడలే."

మరమగ్గాలు వీధిని ఆక్రమించాక ఆయనకు పిలుపులు తగ్గాయి. సొంత మగ్గానికి కూడా కొత్త పడుగు రాలేదు. కడపటి చీర కోసిన తరువాత, పన్నెలో జానెడు పోగులు — నెమలికంఠం రంగువి — అలాగే వేలాడుతూ ఉండిపోయాయి. మగ్గం తీసేద్దామని అల్లుడు అన్నప్పుడల్లా ఆయన ఆ పోగుల వైపు చూపించి, "ఇవి ఉన్నంతవరకు మగ్గం సచ్చినట్టు కాదు" అనేవాడు. అంతటితో మాట ముగిసేది.

ఒక వేసవి మధ్యాహ్నం గోడకవతల నాకు ఒకప్పుడు అలవాటైన మగ్గం చప్పుడు కాక, కత్తుల ఖంగుఖంగులూ, గుర్రాల సకిలింపులూ, ఏదో పరభాషలో పొలికేకలూ వినబడ్డాయి. పుస్తకం మూసి, చెప్పులు తొడుక్కొని పోయి చూశాను. మగ్గం గుంతలోకి కాళ్లు వేలాడదీసుకొని, పలకమీద పాత కంప్యూటర్ పెట్టుకొని, ఆయన తెరకు ముక్కు ఆనించి ఉన్నాడు.

"ఏమయ్యా, మగ్గం మీద యుద్ధం నేస్తున్నావా?"

"రాండి అయివారూ. సుమ్నే కూసోండి, మాట్లాడద్దండి. కోట కాలిపోతాండాది, ఒక్క నిమిషం."

చీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసే అల్లుడు కొత్తది కొనుక్కొని, పాతది అత్తవారింట్లో పడవేశాడట. అందులో ఎవరో ఎప్పుడో ఎక్కించిన ఆట ఒకటి మిగిలి ఉంది. పూర్వకాలపు రాజుల యుద్ధాల ఆట. మొదట కొందరు రైతులు, కొన్ని గొర్రెలు, ఒక అడవి. కట్టెలు కొట్టి ఇళ్లు కట్టుకోవాలి, పొలం దున్నుకోవాలి, ఆపైన సైన్యాన్ని కూర్చుకోవాలి. ఆయనకు ఇంగ్లీషు అక్షరం రాదు. పడుగులో పోగును పట్టుకొన్నట్టే ఒక్కొక్క గుర్తును పట్టుకొని నేర్చుకొన్నాడు.

"గొర్రెలు చూసినారా? అచ్చం మన మడకశిర గొర్రెలే. పొలం గూడా మన మాదిరే, పంట తీస్తే మళ్లా ఇత్తనం పెట్టల్ల. ఒకటే అబద్ధం ఉండాది దీంట్లో."

"ఏమిటది?"

"వాన పడదు. అయినా పండుతాది."

సైనికుల సాల కట్టగానే మొట్టమొదట పుట్టేవాడు కాలిబంటు. ఒంటిమీద ముతక అంగీ, చేతిలో గుదియకర్ర, తలకు రుమాలైనా లేదు. ఆ ఆటలో వాడికంటె చవకైన సైనికుడు మరొకడు లేడు. అందరూ వాణ్ణి పదులకొద్దీ పుట్టించి శత్రువు మీదికి తోలి, వాళ్లు చచ్చేలోగా గుర్రాలనూ ఏనుగులనూ సమకూర్చుకొంటారని అల్లుడు చెప్పాడు. ఈయన మాత్రం మొదట పుట్టినవాణ్ణి యుద్ధానికి పంపేవాడు కాడు. కట్టెల అడితి పక్కన నిలబెట్టి, ఒకటి అంకె మీటకు వాణ్ణి ముడివేసి పెట్టుకొన్నాడు. ఆ మీట రెండుసార్లు నొక్కితే, తెర ఎక్కడున్నా చప్పున వాడి దగ్గరికి పోయి నిలుస్తుంది. వాడు తల తిప్పి, తన భాషలో రెండు మాటలంటాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగాను.

"ఎవురికి తెలుసు? పిలిస్తే ఎవురైనా ఏమంటారు అయివారూ. వస్తాండా అంటారు."

ఆటలో ఒక మీట నొక్కితే గుదియలవాళ్లందరూ ఒక్కసారిగా కత్తులవాళ్లవుతారట. ఆయన ఒక్కసారే నొక్కాడు. నొక్కి, పోగు తెగినవాడిలా అదిరిపడి, ఆటను చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. "కత్తి వచ్చింది నిజమే. మొగం మారిపాయ. వాని చొక్కా తొడుక్కొని ఇంకెవుడో నిలబడినాడు" అన్నాడు. ఆ మీట ఇక ముట్టలేదు. గుదియలతో కత్తులనెదిరిస్తే ఏమవుతుందో అదే అయ్యేది. ప్రతిసారీ ఓడేవాడు.

అలా ఓడుతూ ఓడుతూ ఒకనాడు ఆట ధర్మం ఒకటి కనిపెట్టాడు. ఇళ్లు కాలినా, కోట కూలినా, సైన్యమంతా మడిసినా, ఒక్కడు మిగిలి ఉంటే ఆ యంత్రం ఓటమిని ప్రకటించదు. ఆరోజు నన్ను గోడమీదుగా కేక వేసి పిలిచి చూపించాడు. తెరమీద కనుచూపు మేర మసిబారిన నేల. ఒక మూల నాలుగు చెట్లు. వాటి నడుమ గుదియ భుజాన వేసుకొని కాలిబంటు.

"ఓడినావా మరి?" అన్నాను.

"వాడు నిలబడినాడు కదా. యాడ ఓడినా?"

ఆ స్థితిలోనే ఆటను దాచిపెట్టుకొన్నాడు. అప్పటినుంచి కొత్త ఆట ఆడలేదు. రోజూ మధ్యాహ్నం తెరిచేవాడు, వాణ్ణి చెట్ల మధ్యనుంచి నాలుగడుగులు నడిపించేవాడు. అల్లంత దూరాన శత్రువుల గుర్రాలు పోతుంటే ఊపిరి బిగబట్టి మళ్లీ చెట్లలోకి తెచ్చేవాడు, దాచి మూసేవాడు. ఆ సమయంలో మాత్రమే ఆయన వేళ్లు మెలిపెట్టడం మానేవి. ఎడమచేతి చూపుడువేలు ఒకటి అంకె మీద ఉండేది. బూడిద అంటి అంటి ఆ మీటమీది అంకె కనబడకుండా పోయింది.

ఒకనాడు అడిగాడు. "అయివారూ, మీరు అన్ని పద్యాలు చదివినారు. దాంట్లో అన్ని యుద్ధాలు ఉండాయి. కాలిబంట్ల పేర్లు ఉంటాయి కదా. ఒకటి చెప్పండి, వీనికి పెట్టుకుంటా. పేరు లేకుండా ఎన్నాళ్లని ఒరే ఒరే అందును?"

అదెంత పని అనుకొన్నాను. ఆ రాత్రికి రాత్రే చెప్పగలననే గర్వం కూడా కలిగింది. పుస్తకాలన్నీ తిరగవేశాను. వీరుల శంఖాలకు పేర్లున్నాయి. విండ్లకు పేర్లున్నాయి. ఏనుగులకూ గుర్రాలకూ కత్తులకూ పేర్లున్నాయి. పదాతులు మాత్రం అసంఖ్యాకులు. ఇసుక వేస్తే రాలనంత మంది. కెరటాల్లా వచ్చి కెరటాల్లా విరిగిపోయేవారు. పేరు ఒక్కటీ లేదు. నా శక్తికొద్దీ పేర్లు కల్పించి తీసుకొనిపోయాను. ప్రతి పేరునూ ఆయన పరీక్షించే పద్ధతి ఒకటే. తెరవైపు తిరిగి, మరమగ్గాల హోరుకు పైన వినబడేంత గట్టిగా పిలిచేవాడు.

"ఒరే వజ్రబాహూ!"

వంటింట్లోంచి ఆవిడ నవ్వింది. "ఎవురప్పా ఆయన, కరెంటాఫీసులో పనిచేస్తాడా?"

"కాదు అయివారూ, పలకడంలే వాడు" అని ఆయన తల అడ్డంగా తిప్పాడు.

"సమరకేసరి?"

"ఇంత పేరు పెడితే వాడు గుర్రం అడుగుతాడు. ఇవన్నీ రాజుల పేర్లు. వాడు కాలిబంటు. మగ్గం సద్దులో పిలిస్తే ఇనపడల్ల, ఇన్న ఎంటనే నన్నే అనుకోవల్ల. అట్లాంటిది చూడండి."

కడకు ఒకనాడు ఒప్పుకొన్నాను. "పుస్తకాల్లో లేదయ్యా. కాలిబంటు పేరు ఒక్కటి కూడా రాయలేదు."

ఆయన వేళ్లు మెలిక మధ్యలో ఆగిపోయాయి. "ఒక్కడు గూడా లేడా?" అన్నాడు. తెరవైపు తిరిగి, "అంతమంది సచ్చినారు కదా అయివారూ" అన్నాడు. నన్ను నిందించినట్టు కాదు. పక్కింట్లో చావు కబురు ఇప్పుడే తెలిసినట్టు. జీవితమంతా నేను చదివి వినిపించిన పద్యాలు ఆ ఒక్క వాక్యం ముందు తలవంచుకొని నిలబడ్డట్టనిపించింది. "వెతుకుతాను, తొందరపెట్టవద్దు" అని లేచి వచ్చాను.

ఆ మరుసటి వేసవిలో ఒక తప్పు చేశాడు. నేతగాడు తప్ప మరొకరు చేయలేని తప్పు. ఎండలు ముదిరి, ఆ పెట్టె వేడెక్కి ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలుపెట్టింది. మా మెట్టలో వేసవిగాలికి పట్టుపోగులు పెళుసెక్కి తెగుతాయి. అందుకని నేతగాళ్లు గదిలో నీళ్లు చల్లుతారు, పడుగు దగ్గర తడిగుడ్డ వేస్తారు. గుంత ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఆయన కంప్యూటర్ పెట్టెను గుంతలోకి దించి, దానికి తడి గోనెసంచి చుట్టి, పైన చెంబెడు నీళ్లు చల్లాడు. చిన్న చప్పుడు, కాలిన వాసన. తెర నల్లబడింది.

చంకన పెట్టె, చెంపలమీద చెమట, మా వాకిట్లో నిలబడి, "అయివారూ, పట్టుకు పనికొచ్చే వైద్యం పెట్టెకు పనికిరాదా?" అన్నాడు. నవ్వబోయి ఆయన ముఖం చూసి చెప్పులు తొడుక్కొన్నాను. ఇద్దరం ఆటోలో మరమ్మతు అంగడికి పోయాం. అంగడి మనిషి పెట్టెను వంచగానే నీళ్లు ధార కట్టాయి.

"ఏం పెద్దాయనా, బోరుబావిలోంచి తీసినారా దీన్ని?"

"దాంట్లో మనిషి ఉండాడప్పా. కొంచెం మెల్లగా."

అంగడి మనిషి నావైపు చూశాడు. నేను పదవీవిరమణ చేసిన తెలుగు పండితుణ్ణి, ఉత్తరీయం వేసుకొని ఉన్నాను. అయినా గంభీరంగా, "ఉన్నాడయ్యా, నేనూ చూశాను" అని సాక్ష్యం చెప్పాను.

సాయంకాలం దాకా అక్కడే కూర్చున్నాం. కాఫీ తెప్పిస్తే ముట్టలేదు. వేళ్లు మెలిపెడుతూనే ఉన్నాయి, బూడిద లేదు గనుక తోలు కందింది. లోపలి భాగాలు కొన్ని మార్చి, దాచినవి భద్రపరిచే డబ్బాను ఆరబెట్టి మళ్లీ బిగించి, అంగడి మనిషి తెర వెలిగించాడు. ఆయన వంగి మీట రెండుసార్లు నొక్కాడు. మసిబారిన నేల, నాలుగు చెట్లు, గుదియ. కాలిబంటు తల తిప్పి తన రెండు మాటలు అన్నాడు.

"వచ్చినాడు" అన్నాడాయన. అంగడి మనిషి భుజం తట్టి, "ఏమప్పా, నీ ఇల్లు సల్లగుండ" అని, అంతవరకు చల్లారిపోయిన కాఫీ ఒక్క గుక్కలో తాగాడు.

ఆ చలికాలంలో గుండె నొప్పి వచ్చి అనంతపురం ఆసుపత్రిలో చేర్చారు. నేను తోడుపోయాను. చీటీ రాసే కిటికీ దగ్గర లోపలి మనిషి "పేషెంటు పేరు?" అన్నాడు. ఆవిడ నావైపు తిరిగింది. "అయివారూ, మీరు చెప్పండి."

"ఏమ్మా, మొగుని పేరు తెలీదా?" అన్నాడతడు.

"తెలీక యాడపోతాది? నా నోటితో ఎప్పుడూ అనలే" అంది ఆవిడ. నేను చెప్పాను. అతడు రాసుకొన్నాడు.

మంచంమీద ఆయన నన్ను చూసి అడిగిన మాట ఒకటే. "పేరు దొరికెనా?"

"వెతుకుతున్నానయ్యా."

"బిర్నా చూడండి, ఆలస్యం చేయద్దండి. మళ్లా ఎండాకాలం వస్తాది. ఆ పెట్టె నిలబడదు."

నాలుగో నాడు పోయాడు. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానిమీద ఒకటి ఆని ఉండిపోయాయి. చివరి స్నానం చేయించినవాళ్లు కూడా వాటిని విడదీయలేదు.

ఇదంతా తలచుకొంటూ పోయిన వారం ఆ ఇంటికి వెళ్లాను. మగ్గం విప్పి గోడకు చేర్చారు. పన్నెను మాత్రం, జానెడు నెమలికంఠం పోగులతో సహా, ఆవిడ మేకుకు తగిలించి ఉంచింది. కంప్యూటర్‌ను బల్లమీద పెట్టి ఉంచారు. ఆట తెరవడం ఆవిడకు తెలుసు, రోజూ చూసిన పనే గదా. తెర వెలిగింది. ఆవిడ మీటల వంక చూసింది. అన్నిటిలో ఒక్కటి మాత్రమే బూడిదరంగులో ఉంది.

"వానికి పేరు పెడితిరా అయివారూ?"

సిగ్గుపడ్డాను. "లేదమ్మా. ఎంత వెతికినా తగినది దొరకలేదు. మగ్గం చప్పుడులో వినబడాలన్నాడు. వినగానే తననే అనుకోవాలన్నాడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. "ఆ మాదిరి పేరు ఒకటి ఉండాది కదా" అంది. "మీకు తెలుసు. ఆసుపత్రిలో చెప్పినారు. నా నోటికి రాదు గానీ... మీరు పిలవండి."

ఇన్ని పుస్తకాలు తిరగవేసినవాడికి తోచనిది ఆవిడకు తోచింది. బహుశా ఎప్పుడో తోచి ఉంటుంది; పలకరాదు గనుక నేను పలికేదాకా కాచుకొని ఉంది.

మెల్లగా పిలిచాను. పక్కింటి మరమగ్గాల హోరులో నాకే వినబడలేదు.

"అట్ల కాదు అయివారూ. గట్టిగా."

వీధికి వినబడేట్టు పిలిచాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఒక ఇల్లాలు కాపురమంతా నోట పలకకుండా దాచుకొన్నదాన్ని నేను అచ్చుకెక్కించడం మర్యాద కాదు. నేను పిలిచిన క్షణానికే ఆవిడ చూపుడువేలితో ఆ బూడిద మీటను రెండుసార్లు నొక్కింది. తెర చెట్ల దగ్గరికి పోయి నిలిచింది. కాలిబంటు తల తిప్పి, తన భాషలో రెండు మాటలన్నాడు.

"వస్తాండా అంటాండాడు" అంది ఆవిడ. కళ్లు తుడుచుకొంటూ, "ఎప్పుడూ అంతే" అంది.

ఆపైన ఆయన చేసినట్టే ఆటను దాచి మూసింది. పాతసామాన్లవాణ్ణి రావద్దని చెప్పమని లోపలి గదిలో ఉన్న అల్లుడికి కేక వేసింది. పెట్టెమీద ఒక గుడ్డ కప్పింది. కప్పేముందు ఆ గుడ్డ పొడిగా ఉందో లేదో రెండువేళ్ల మధ్య నలిపి చూసుకొంది.